పొడుగు కూలర్ కింద పొట్టి మెమరీ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కంప్యూటర్ విడిభాగాలు ఎక్కువగా రెండు దారుల్లో వస్తాయి. ఒకటి ఆన్‌లైన్ పార్శిలు, రెండోది బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాలు. ఏ దారిన వచ్చినా చిక్కు ఒకటే. వస్తువు ఇంటికొచ్చాక సరిపోలేదని తేలితే మార్చుకోవడానికి ఒక రోజు పని చెడుతుంది, లేదంటే కొరియర్ కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. ప్రాసెసర్ సరిపోకపోవడం అరుదు, దాని సాకెట్ పేరు చూడకుండా ఎవరూ కొనరు. పేచీ పెట్టేది కూలరూ, మెమరీ అనే ర్యామూ. ర్యామ్ స్లాట్లలో ర్యామ్ నిలబెట్టి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు రాసి, కూలర్ దించబోతే దాని ఫ్యాన్ అంచు వచ్చి ర్యామ్ నెత్తిన కూర్చుంటుంది. ఒక వైపు స్క్రూ పడుతుంది, రెండో వైపు పడదు. కొన్నవాళ్లకు వెంటనే తోచేది కూలర్ తప్పుగా ఎంచుకున్నామని. నా లెక్కలో చాలాసార్లు తప్పు మెమరీ నెత్తిన పెట్టిన కిరీటానిది. కూలర్ తన పని కోసం పొడుగైంది, మెమరీ చూపు కోసం పొడుగైంది. రెండూ ఢీకొన్నప్పుడు తగ్గాల్సింది చూపు కోసం పెరిగినదే.

ఈ మాట నిలబడాలంటే కూలర్ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూడాలి. ఇంటెల్ 386 రోజుల్లో ప్రాసెసర్ మీద మామూలుగా ఏమీ ఉండేది కాదు, బోర్డు మీది మిగతా చిప్పుల్లాగే అదీ ఒట్టి వీపుతో పడి ఉండేది. 486 తరం ముదిరేకొద్దీ ఆ వీపు మీదికి అల్యూమినియం రెక్కల పలక చేరింది. 1993లో వచ్చిన తొలి పెంటియం దాదాపు 15 వాట్లు తినేది, దాంతో రెక్కల పైన బుల్లి ఫ్యాన్ కూడా ఎక్కింది. 2004 నాటి ప్రెస్కాట్ రకం పెంటియం 4 చిప్పుల్లో పెద్దవి 115 వాట్లకు చేరాయి. పదకొండేళ్లలో ఏడు రెట్లు పైమాటే. నిజానికి ఇలా జరగకూడదు. ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్ తన సహచరులతో కలిసి 1974లోనే ఒక సూత్రం చెప్పాడు: ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసేకొద్దీ వోల్టేజీ కూడా తగ్గించుకుంటూ పోతే, అదే జాగాలో మరిన్ని ట్రాన్సిస్టర్లు కుక్కినా వేడి పెరగదు. పరిశ్రమ ఆ సూత్రాన్ని నమ్ముకుని మూడు దశాబ్దాలు బండి నడిపింది, మధ్యలో ప్రాసెసర్ గడియారం (క్లాక్) వేగాన్ని మాత్రం సూత్రం ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ తరిమింది. 2000 దాటాక ట్రాన్సిస్టర్లలోంచి కరెంటు కారిపోవడం మొదలై వోల్టేజీ ఇక దిగనని మొరాయించింది. 2004 మే నెలలో ఇంటెల్ ‘తేజస్’ అని పేరు పెట్టుకున్న తన తర్వాతి చిప్పును తయారీకి వెళ్లకముందే వదులుకుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ఒకే ఒక్క ట్రాన్సిస్టరుతో ఒక బిట్టును దాచే డీర్యామ్ కణం మీద 1968లో పేటెంటు పొందింది కూడా ఈ డెన్నార్డే. వేడిని అదుపులో పెట్టి, చివరికి చేతులెత్తేసిన సూత్రమూ ఆయనదే, ఆ తర్వాత ఒళ్లు పెంచిన కూలర్‌కు ఇవాళ అడ్డం నిలబడుతున్న ర్యామూ ఆయన చలవే.

కూలరూ ర్యామూ ఇలా ఢీకొనడం మొదటినుంచీ ఉన్నది కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే పథకం మొదలుపెట్టి, ఆ చుట్టుపక్కల సమాచార కేంద్రాల్లో కంప్యూటర్లు పెట్టింది. ఆ కాలపు మామూలు డెస్క్‌టాప్ మూత తీసి చూస్తే కూలర్ అరచేతిలో పట్టేంతే. పక్కన నిలబడిన మెమరీ పచ్చటి ఒట్టి పలక, దాని మీద నల్లటి చిప్పులు, అంతకుమించి ఏమీ ఉండేది కాదు. ఒకటి ఇంకొకదాన్ని తాకే ప్రసక్తే లేదు. కయ్యం ఆ తర్వాతిది.

కూలర్‌ను నిలువుగా లేపింది హీట్ పైపు. అమెరికాలో రిచర్డ్ గాగ్లర్ అనే ఇంజనీరు 1940లలోనే రిఫ్రిజిరేటర్ కోసం దీని మీద పేటెంటు తీసుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని మళ్లీ కనిపెట్టి పేరు పెట్టాడు, అంతరిక్షంలో వేడిని ఒక చోటినుంచి ఇంకో చోటికి మోయడానికి. పని చేసే తీరు మన వంటింట్లోదే. ఉడుకుతున్న రాగి సంగటి గిన్నె మీది మూత తీస్తే దాని లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తాయి. అడుగున నీరు ఆవిరై పైకి వెళ్లింది, మూత తగిలి మళ్లీ నీరైంది, ఆ క్రమంలో పొయ్యి వేడిని మోసుకెళ్లి మూతకు ఇచ్చింది. హీట్ పైపు అంటే గాలి తీసేసి, కొద్దిపాటి నీరు పోసి, రెండు కొసలూ మూసేసిన రాగి గొట్టం. లోపల గాలి లేదు కాబట్టి నీరు 100 డిగ్రీల దాకా ఆగకుండా చాలా తక్కువ వేడికే ఆవిరవుతుంది. పై కొసన చల్లబడి నీరైనది గొట్టం లోపలి గోడకు అంటించిన రాగి పొడి పొరలోంచి, దీపం వత్తిలో నూనె పాకినట్టు, కింది కొసకు తిరిగొస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,260 జౌళ్ల వేడి కావాలి. అంటే 65 వాట్ల ప్రాసెసర్ వేడిని మోయడానికి అర నిమిషానికో గ్రాము నీరు ఆవిరై, మళ్లీ నీరైతే ఇంచుమించు సరిపోతుంది. ఇంత చవకగా వేడిని పైకి మోసే గొట్టం దొరికాక, రెక్కలన్నీ ప్రాసెసర్‌ను ఆనుకునే ఉండాలన్న నిబంధన పోయింది. రెక్కల దొంతరను మదర్‌బోర్డుకు పైన ఎక్కడో మేడలా కట్టుకోవచ్చు, పక్కన 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్ తగిలించి నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిప్పుకోవచ్చు. రెక్కల వైశాల్యం పెరిగిన ప్రతి అంగుళానికీ చల్లదనంలో లెక్క కనిపిస్తుంది. కూలర్ పొడుగు పనికోసమే అన్నది ఇందుకే.

మేడ కట్టాక నీడ పక్కింటి మీద పడుతుంది కదా. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా సంస్థ 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డి15 కూలర్‌ను చూడండి. రెండు మేడలు, రెండు ఫ్యాన్లు. ఎత్తు 165 మి.మీ., ఫ్యాన్లతో కలిపి ముందునుంచి వెనక్కి 161 మి.మీ. అంత వెడల్పు పందిరి కింద ర్యామ్ స్లాట్లు పడక తప్పదు. ముందు ఫ్యాన్ కింద మిగిలే జాగా 32 మి.మీ. ఇక మెమరీ వైపు చూస్తే, ప్రమాణాల ప్రకారం డీడీఆర్4 పలక ఎత్తు 31.25 మి.మీ. చక్కగా పడుతుంది. కానీ అంగట్లో మెరిసేవి వేరు. జీస్కిల్ ట్రైడెంట్ జెడ్ ఆర్‌జీబీ 44 మి.మీ., కోర్సెయిర్ వెంజెన్స్ ఆర్‌జీబీ ప్రో 51 మి.మీ. ప్రమాణం అడిగే ఎత్తు మాత్రం అదే 31.25. పైన పెరిగిన ఆ 13, 20 మిల్లీమీటర్లు లోహపు తొడుగూ, దాని మీది రంగు దీపాల పట్టీ.

తొడుగు మెమరీని చల్లబరుస్తుంది కదా అన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైనదే, లెక్క వేసి చూద్దాం. డీడీఆర్3 1.5 వోల్టుల మీద నడిచేది, డీడీఆర్4 1.2కి, డీడీఆర్5 1.1కి దిగాయి. మామూలు డీడీఆర్4 పలక ఒకటి తినేది నాలుగైదు వాట్లు దాటదు. ఆ కొద్ది వేడీ అరచేయంత పొడవున్న పలక మీద పరుచుకుని ఉంటుంది, ప్రాసెసర్‌లో లాగా గోరంత చోట పోగుపడదు. డీడీఆర్4లో 85 డిగ్రీల వరకు చిప్పు ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి తన బిట్లను తిరిగి రాసుకుంటే చాలు, అది దాటితే 32 మిల్లీసెకన్లకే రాసుకోవాలి. గాలి ఆడే క్యాబినెట్‌లో, రోజువారీ పనుల్లో పొట్టి పలక ఆ గీత దరిదాపులకు వెళ్లదు. 1.35 వోల్టులు దాటించి వేగం పిండుకునే వాళ్లకు, విద్యుత్తును సర్దే చిప్పును కూడా ఒంటి మీదే పెట్టుకున్న వేగవంతమైన డీడీఆర్5కు తొడుగు కొంత సాయం చేస్తుందని ఒప్పుకుంటాను. అయినా అక్కడ పనికొచ్చేది పలకను అంటిపెట్టుకున్న లోహం, దాన్ని తాకే గాలి. నెత్తిన వెలిగే ప్లాస్టిక్ పట్టీ వేడి మోయదు, పైగా దీపాలు తమ వంతు వేడిని కలుపుతాయి. పొట్టిదైతే పనికి తక్కువ కాదన్న సంగతి పుంగనూరు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఆ ఊరి పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆవు మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూ ఉంటుంది. పాలలో వెన్న శాతానికి పేరుపడింది ఆ పొట్టి జాతే.

ఫ్యాన్‌ను కాస్త పైకి జరిపితే పోలేదా అన్నది రెండో అభ్యంతరం. జరపవచ్చు, తయారీదారులే చెబుతారు. 44 మి.మీ. మెమరీ కోసం డి15 ఫ్యాన్‌ను 12 మి.మీ. లేపారనుకోండి, మొత్తం ఎత్తు 177కు చేరుతుంది. మామూలు మిడ్ టవర్ క్యాబినెట్లు చాలావాటిలో కూలర్‌కు దొరికేది 155 నుంచి 170 లోపు. పక్క తలుపు మూసుకోదు. ర్యామ్‌తో రాజీ పడబోయి క్యాబినెట్‌తో తగువు తెచ్చుకున్నట్టవుతుంది. ముందు ఫ్యాన్‌ను పూర్తిగా తీసేయడం అంతకన్నా మేలు. డి15కు ఒక్క ఫ్యాన్ ఉంచితే ర్యామ్ మీద 64 మి.మీ. జాగా తేలుతుంది, చల్లదనంలో పోయేది కొద్ది డిగ్రీలే. అలాంటప్పుడు రెండు ఫ్యాన్ల డబ్బు ఎందుకు పెట్టామన్న ప్రశ్న మిగులుతుంది. ‘తక్కువ ఎత్తు’ అని పెట్టె మీద రాసి ఉన్నా నమ్మేయకండి. వాటిలో కొన్ని 34 మి.మీ. ఉంటాయి, 32 కింద పట్టవు. పెట్టె మీది మాట కన్నా లోపలి అంకె ముఖ్యం.

దీపాలే కావాలి, తీసేయమంటే కుదరదు అనేవాళ్లూ ఉన్నారు. అందం కూడా ఒక అవసరమే, వాదన లేదు. వాళ్లు మేడ మందాన్ని తగ్గించుకోవాలి. అదే సంస్థ ఎన్‌హెచ్-యు12ఎస్ ఎత్తు 158 మి.మీ. అయినా ఫ్యాన్‌తో కలిపి మందం 71 మాత్రమే. ర్యామ్ వైపు పందిరి వేయకుండా తన గిరిలోనే నిలబడుతుంది. మేడను కాస్త వెనక్కి జరిపి కట్టిన ఒంటి మేడ కూలర్లు ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. ఇంకో చిన్న ఉపాయం మదర్‌బోర్డులోనే ఉంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు ర్యామ్‌లే వేస్తే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటూ నాలుగో స్లాటూ వాడమని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఫ్యాన్‌కు అతి దగ్గరి స్లాటు ఖాళీగా ఉండటంతో ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువ జాగా ఊరికే కలిసొస్తుంది. రేపెప్పుడో మరో రెండు ర్యామ్‌లు చేర్చాలనుకుంటే మాత్రం ఆ జాగాను లెక్కలోకి తీసుకోకూడదు. నీటి కూలర్ పెడితే గొడవే ఉండదని సలహా ఇచ్చేవాళ్లు దాని పంపుకు ఆయుష్షు ఉంటుందని, గొట్టాల్లోంచి నీరు ఏళ్ల మీద కొంచెం కొంచెం ఇగిరిపోతుందని చెప్పరు. ఉత్త గాలి కూలర్లో చెడేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని మార్చుకోవడం తేలిక.

ఇక మన మదనపల్లె, కుప్పం వైపు వాతావరణం మాట. ఎండాకాలం కోసం పెద్ద కూలరే పెట్టాలి, పొట్టి మెమరీకి చల్లదనం చాలదు అనే భయం ఒకటుంది. మదనపల్లె సముద్రమట్టానికి 695 మీటర్ల ఎత్తున ఉంది, పుంగనూరు, కుప్పం కూడా రెండు వేల అడుగులు దాటినవే. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రతీరంలో కన్నా ఆరేడు శాతం తక్కువ. ఫ్యాన్ అన్నే చుట్లు తిరిగినా అంత మేర తక్కువ గాలిని తోస్తుంది. గది కన్నా ప్రాసెసర్ 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కే చోట దీనివల్ల పెరిగేది ఎంత చూసినా రెండు మూడు డిగ్రీలు. అదే ఎత్తు మూలంగా బయటి గాలి మాత్రం కింది మైదానాల కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది, కిలోమీటరు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గడం వాతావరణం లెక్క. జమాఖర్చులు చూస్తే పీఠభూమికే లాభం. వందేళ్ల కిందట మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసిన చోటి పొడిగాలి కంప్యూటర్‌కూ చెరుపు చేయదు. చెరుపు చేసేది దుమ్ము. ఎర్రమట్టి, కుప్పం వైపు గ్రానైటు పొడి రెక్కల మధ్య పేరుకుంటే ఎంత పెద్ద మేడ అయినా గాలాడక ఉడికిపోతుంది. రెండు మేడల మధ్యలోకి బ్రష్షు దూరదు, ఒంటి మేడను తుడవడం తేలిక.

అసలు మేడే అక్కర్లేని వాళ్లు ఎక్కువమంది. 65 వాట్ల రైజెన్ 5 5600 లాంటి ప్రాసెసర్‌కు పెట్టెలోనే అరచేయంత కూలర్ వస్తుంది, అకౌంట్లకూ చదువుకూ అది చాలు, ఏ ర్యామ్‌తోనూ దానికి పేచీ రాదు. అవసరమైతే 253 వాట్ల దాకా లాగే కోర్ ఐ9-14900కె లాంటిది కొన్నవాళ్లకు పెద్ద కూలర్ తప్పదు, వాళ్లే మెమరీ ఎత్తు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ఆర్డరు పెట్టే ముందు క్యాబినెట్ ఒప్పుకునే కూలర్ ఎత్తు, కూలర్ కింద ర్యామ్‌కు మిగిలే జాగా, ర్యామ్ ఎత్తు, ఈ మూడు అంకెలూ కంపెనీల వివరాల పట్టీల్లోంచి ఒక కాగితం మీద రాసుకోండి. డి15 కింద 32, ఒట్టి పలక 31.25. మధ్యన మిగిలేది ముప్పావు మిల్లీమీటరు, అది చాలు.