విరిచిన మాత్రతో వచ్చిన చిక్కు!

పిల్లాడికి జ్వరమొస్తే పెద్దల మాత్రనే సగానికి విరిచి, తేనెలో రంగరించి వేసేయడం చాలా ఇళ్లలో మామూలే. 'పెద్దవాళ్లకి ఒకటైతే వీడికి సగం చాలదూ?' అన్నది మన లెక్క. హెచ్‌ఐవీ సోకిన పిల్లల విషయంలో ఆ లెక్క బాగా దెబ్బకొట్టింది.

2000 తర్వాత ఆఫ్రికా దేశాలకు మన దేశం నుంచి చౌక మందులు వెళ్లడం మొదలైంది. మూడు మందులు కలిపిన ఒకే మాత్ర... స్టావుడిన్ 30 మి.గ్రా., లామివుడిన్ 150, నెవిరపిన్ 200. పెద్దలకు బాగా పనిచేసింది. మరి పిల్లలకో? సిరప్‌లు ఖరీదు, పైగా నెలకు సరిపడా సీసాలు మోసుకెళ్లాలి. దాంతో మలావీ, జాంబియాల్లో ఆ పెద్ద మాత్రనే విరిచి ఇచ్చేవారు.

రక్తం తీసి చూస్తే సంగతి బయటపడింది. చిన్నారుల్లో నెవిరపిన్ చాలినంత ఉండటం లేదు! బరువుతో పోలిస్తే పసివాళ్ల కాలేయం ఈ మందును పెద్దల కన్నా వేగంగా ఖర్చు చేసేస్తుంది. తర్వాతి మోతాదు వేళకి లీటరు రక్తరసంలో కనీసం 3 మి.గ్రా. మిగిలి ఉండాలి. అంతకన్నా తగ్గితే వైరస్ చావదు సరికదా, రాటుదేలుతుంది. నెవిరపిన్‌ను తట్టుకోవడానికి దానికి ఒక్క జన్యుమార్పు చాలు. ఆపైన వేళ తప్పకుండా వేసినా లాభం ఉండదు. తల్లి ఒక్క పూట కూడా మరిచిపోలేదు, అయినా మందు ఓడిపోయింది. ఆ తప్పు ఎవరిది చెప్పండి?

అప్పుడు సిప్లా పిల్లల కోసమే ఓ మాత్ర చేసింది. అందులో స్టావుడిన్ 6, లామివుడిన్ 30, నెవిరపిన్ 50. పెద్ద మాత్రలో అయిదో వంతన్నమాట. కానీ ఆ లెక్కన నెవిరపిన్ 40 ఉంటే చాలు కదా! అదనంగా వేసిన ఆ 10 మిల్లీగ్రాములే కిటుకు. జాంబియాలో పరీక్షిస్తే చాలామంది పిల్లల రక్తంలో మందు సరిపడా కనిపించింది.

మన దేశంలో పిల్లలకు ప్రత్యేక చికిత్స కార్యక్రమం 2006 నవంబరులో మొదలైంది. ప్రభుత్వ కేంద్రాల్లో మందులు వాడుతున్న పిల్లలపై చెన్నై శాస్త్రవేత్తలు జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. మూడేళ్లలోపు వాళ్లలో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని వాళ్లలో మందు తక్కువగా ఉంటోందని తేలింది. కొందరిలో జన్యువులూ కారణమే. తిండి చాలని పిల్లలకి మందూ చాలడం లేదన్నమాట! క్షయ కూడా ఉంటే మరీ కష్టం. దానికిచ్చే రిఫాంపిసిన్ ఒంట్లోని నెవిరపిన్‌ను ఇంకా త్వరగా కరిగించేస్తుంది.

ఇప్పుడు డోలుటెగ్రవిర్ వచ్చింది. వైరస్ దీనికి అంత తేలిగ్గా లొంగకుండా పోదు. 700 మందికి పైగా పిల్లలపై జరిపిన ఒడిస్సీ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్లలో పాత మందులు 22 శాతం మందిలో విఫలమైతే, ఇది 14 శాతంలోనే. నీళ్లలో కరిగే 10 మి.గ్రా. మాత్రకు స్ట్రాబెర్రీ రుచి కూడా అద్దారు. అంతకుముందు కొందరికి తాగించిన లోపినవిర్ సిరప్ చేదు విషం, అందులో 42 శాతం ఆల్కహాలు కూడాను!

దీనికీ తూకం తప్పదు. మూడు కిలోల పసికందుకు రోజుకి అర మాత్ర, పది కిలోలకి రెండు, పద్నాలుగుకి రెండున్నర. క్షయ మందులు వాడుతుంటే అదే మోతాదు రోజుకి రెండుసార్లు. పోయిన ఏడాది మోతాదు ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు, అందుకే వెళ్లిన ప్రతిసారీ పిల్లాడిని బరువు చూస్తారు. ఇరవై కిలోలు దాటాడా... పెద్దలు వేసుకునే 50 మి.గ్రా. మాత్రే, విరవకుండా మొత్తం వేయాలి.