డేటాబేస్ ఆదేశాలకు వ్యాకరణ సూత్రాల రూపకల్పన: రెండు ‘అండ్’ల చిక్కు

వర్షపాత నమోదులు, నేల పరీక్షల ఫలితాలు, క్షేత్ర ప్రయోగాల దిగుబడులు డేటాబేస్‌లో చేరిన తరువాత వాటిని వెలికితీయడానికి ఎస్‌క్యూఎల్ ఆదేశాలను వాడతారు. ఆదేశంలోని ఏ పదం దేనికి చెందుతుందో నిర్ణయించేది పార్సర్. అది తనకు ఇచ్చిన వ్యాకరణ సూత్రాలను అనుసరిస్తుందే గాని అడిగినవారి ఉద్దేశాన్ని ఊహించదు.

‘వర్షపాతం బిట్వీన్ 20 అండ్ 40 అండ్ పంట = వేరుశనగ’ అనే షరతులో మొదటి ‘అండ్’ రెండు అవధులను కలుపుతుంది; రెండవది రెండు షరతులను కలుపుతుంది. చదివేవారికి ఇందులో సందేహం లేదు. పార్సర్ మాత్రం సాధారణంగా ముందున్న ఒక్క పదాన్నే చూసి నిర్ణయం తీసుకోవాలి. ఏ ‘అండ్’ అవధులది, ఏది షరతులది అన్నది సూత్రాలు తేల్చకపోతే సంఘర్షణ ఏర్పడుతుంది. పార్సర్లను తయారుచేసే బైసన్ అనే సాధనం సంఘర్షణను హెచ్చరికగా తెలిపి, తానే ఒక మార్గాన్ని ఎంచుకొని సాగిపోతుంది. ఆ హెచ్చరికను ఉపేక్షించడం కలుపును పూత దశ వరకు వదలివేయడం వంటిది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రూపకర్తలు తమ వ్యాకరణంలో సంఘర్షణల సంఖ్య 0గా ఉండాలని ముందే ప్రకటించారు. ఒక్కటి తలెత్తినా పార్సర్ తయారీ ఆగిపోతుంది.

వారి పరిష్కారం గమనింపదగినది. వ్యక్తీకరణలను రెండు తరగతులు చేశారు. ‘ఎ_ఎక్స్‌ప్ర్’ సంపూర్ణమైనది, ‘బి_ఎక్స్‌ప్ర్’లో అండ్, ఆర్, నాట్ వంటి తార్కిక పదాలకు చోటు లేదు. ‘బిట్వీన్’ తరువాతి దిగువ అవధి రెండవ తరగతికి చెందాలి. కనుక 20 తరువాత వచ్చే ‘అండ్’ అవధులదే అవుతుంది. ఎగువ అవధికి సంపూర్ణ వ్యక్తీకరణను అనుమతించినా, ‘బిట్వీన్’కు ‘అండ్’ కంటే అధిక ప్రాధాన్యం ఇచ్చినందున 40తో ఆ సూత్రం ముగుస్తుంది. దిగువ అవధిలో తార్కిక పదం నిజంగా కావలసివస్తే కుండలీకరణల్లో ఉంచవచ్చు. పట్టిక నిర్మాణంలో ‘డిఫాల్ట్’ విలువ తరువాత ‘నాట్ నల్’ వచ్చే సందర్భంలోనూ ఈ పరిమిత తరగతే ఆదుకుంటుంది.

సంఘర్షణ లేనంత మాత్రాన ఆదేశం అనుకున్న అర్థాన్నే ఇస్తుందని భావించరాదు. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే. ‘జిల్లా = అనంతపురం ఆర్ జిల్లా = కర్నూలు అండ్ వర్షపాతం < 20’ అని వ్రాస్తే పార్సర్ ఏ దోషమూ చూపదు. ‘ఆర్’ కంటే ‘అండ్’కు ప్రాధాన్యం ఎక్కువ కనుక వర్షపాత నియమం కర్నూలుకే వర్తిస్తుంది, అనంతపురం నమోదులు, మంచి వాన పడిన రోజులతో సహా, అన్నీ జాబితాలోకి వస్తాయి. ఆ జాబితా ఆధారంగా బెట్ట సలహా వెలువడితే తప్పు రైతు పొలం దాకా చేరుతుంది. జిల్లా షరతులు రెండింటినీ ఒకే కుండలీకరణలో చేర్చితే వర్షపాత నియమం రెండు జిల్లాలకూ వర్తిస్తుంది.