వీరులను పేరుపేరునా తలచే నేల

యుద్ధంలో ప్రాణం విడిచినవారి కోసం ఒక జాతి నిలిపే స్మారకాన్ని రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. మరణించినవారిలో ప్రతి ఒక్కరి పేరూ అక్కడ ఉన్నదా అన్నది మొదటిది. ఆ పేరు పలికి నివాళి అర్పించడానికి వారి కుటుంబానికి అక్కడ చోటున్నదా అన్నది రెండవది. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమై కొన్నేళ్లే అయింది గాని, ఈ రెండు ప్రశ్నలకూ పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానాలు చాలా కాలం కిందటే తమదైన సమాధానం చెప్పుకున్నాయి.

ఆ సమాధానాలలో అతి ప్రాచీనమైనది నాగార్జునకొండలో ఉంది. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోకముందు, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలు క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని వెలికితీశాయి. అక్కడి శాసనాలలో ఛాయాస్తంభాలుగా పేర్కొన్న స్మారక శిలలు పలుచోట్ల లభించాయి. ఛాయాస్తంభం అంటే చనిపోయిన వ్యక్తి రూపాన్ని, జీవిత ఘట్టాలను చెక్కి, ప్రాకృత భాషలో వివరాలు రాసి నిలబెట్టిన రాతి పలక. ఇవి రాజులకే పరిమితం కాలేదు, సేనాపతులకూ యోధులకూ కూడా నిలిచాయి. రాజైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుని స్మృతి స్తంభాన్ని అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో నిలిపినవారు దివంగత రాజు తల్లులు, తోబుట్టువులు, భార్యలు అని శాసనం చెబుతోంది. కుటుంబ స్త్రీలే స్మారకకర్తలు కావడం, వారి బంధుత్వం కూడా రాతికెక్కడం గమనించదగిన విషయం.

రెండవ సమాధానం కారంపూడిది. అది ఇప్పటికీ ఏటా వినబడుతోంది. 12వ శతాబ్దం చివర మాచర్ల, గురజాల రాజ్యాల దాయాదుల మధ్య నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధంలో మరణించిన వీరులకు అక్కడ వీరుల గుడి ఉంది. ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్న పేర్లతో వీరారాధన ఉత్సవాలు సాగుతాయి. ఒక్కొక్క రోజు ఆ యుద్ధకథలోని ఒక్కొక్క ఘట్టాన్ని మళ్లీ కళ్ల ముందుకు తెస్తుంది. తమను ఆ వీరుల వారసులుగా భావించే కుటుంబాలవారు, ఆచారవంతులని పిలువబడేవారు, తమ తమ వీరుని ఆయుధాలను, అంటే కొణతాలను, ఇళ్ల నుంచి మోసుకువచ్చి నాగులేటిలో స్నానం చేయించి గుడికి చేరుస్తారు. పత్తి తీతలు మొదలై, మిరప తోటలకు కూలీలు దొరకని రోజులవి. అయినా పల్నాడు నుంచే కాక పొరుగు జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి కూడా జనం తరలివస్తారు. తమ వంశపు వీరునికి తాము తప్ప మొక్కు చెల్లించేవారు లేరన్న బాధ్యత వారిని రప్పిస్తుంది.

ఈ ఆరాధనలో కులం గురించిన ఒక మాట తప్పక చెప్పుకోవాలి. మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడు ఉత్సవంలో నేటికీ జరుగుతుంది. దళితుడైన కన్నమదాసు సేనానిగా, బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్న వీరుడిగా పూజలందుకుంటాడు. ఈ వీరగాథను తరతరాలుగా పాడి నిలబెట్టినవారు వీరవిద్యావంతులు. శ్రీనాథుడు రాసినట్టు చెప్పే పల్నాటి వీరచరిత్ర ద్విపద కావ్యం పండితులకు తెలిసినా, ఊరి జనానికి ఈ కథ చేరింది ఎక్కువగా ఆ గాయకుల గొంతు ద్వారానే. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ 1982లో ప్రచురించిన గ్రంథానికి ఆధారమైనదీ అలాంటి ఒక గాయకుని పాటే.

పేరు గల్లంతైతే ఏమవుతుందో ఆధునిక యుద్ధాలు చూపించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, చనిపోయినవారికి ఇంపీరియల్ (నేటి కామన్వెల్త్) యుద్ధ సమాధుల సంఘం నిర్మించిన బస్రా స్మారకంలో బ్రిటిష్ సైనికులందరి పేర్లూ చెక్కి, భారతీయులలో అధికారుల పేర్లు మాత్రం రాసి, మామూలు సిపాయిలను దళాలవారీగా సంఖ్యలతో సరిపెట్టారు. ఈ అసమానతను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో విచారణ నివేదిక ద్వారా ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. 1931లో ప్రారంభమైన ఇండియా గేటు సుమారు 70,000 మంది భారత సైనికుల స్మృతికి కట్టినదైనా, దాని మీద ఉన్న పేర్లు 13,000 పైచిలుకే. 1971 యుద్ధం తరువాత, 1972 జనవరి 26న ఆ తోరణం కింద వెలిగించిన అమర జవాన్ జ్యోతి స్వతంత్ర భారత సైనికులకు నివాళిగా నిలిచింది గాని, వారి పేర్లు చెక్కిన చోటు లేని లోటు అలాగే ఉండిపోయింది.

ఆ లోటు తీర్చడానికి ఇండియా గేటు పక్కనే సుమారు 40 ఎకరాలలో నిర్మించిన జాతీయ యుద్ధ స్మారకాన్ని 2019 ఫిబ్రవరి 25న జాతికి అంకితం చేశారు. చెన్నైకి చెందిన వాస్తుశిల్పి యోగేశ్ చంద్రహాసన్ దీనిని ఒకే కేంద్రం చుట్టూ నాలుగు వలయాలుగా రూపొందించాడు. నడుమ అమర చక్రంలో స్తంభమూ జ్యోతీ ఉంటాయి. వీరతా చక్రంలో ప్రసిద్ధ పోరాటాలను చూపే ఆరు కంచు ఫలకాలుంటాయి. వెలుపలి రక్షక చక్రం వరుసలుగా నాటిన చెట్లతో ఏర్పడింది. వీటి మధ్యనున్న త్యాగ చక్రమే ఈ నిర్మాణానికి ప్రాణం. చక్రవ్యూహాన్ని తలపించేలా నిలిపిన ఆ గోడల మీద, ప్రారంభం నాటికే 25,942 మంది పేర్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్రానైటు పలక చొప్పున కొలువుతీరాయి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పేరు, ఆయనతోపాటు నేలకొరిగిన 19 మంది పేర్లతో కలిసి అక్కడికి చేరింది. ఆయనకు మరణానంతరం ప్రకటించిన మహావీర చక్రను 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా తల్లి, భార్య అందుకున్నారు. స్మారకంలో ప్రతి సాయంత్రం ఒక అమరుని దగ్గరి బంధువు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం ఉంది. కొణతం మోసుకువచ్చే ఆచారవంతునికి కారంపూడిలో ఉన్న చోటే ఆ బంధువుకు అక్కడ దక్కుతోంది, ఢిల్లీ స్మారకంలో అన్నింటికన్నా విలువైన ఏర్పాటు అదే.

అయితే గుంటూరు నుంచి ఢిల్లీ 1,700 కిలోమీటర్లకు పై దూరం. సైన్యంలో చేరడం కుటుంబ సంప్రదాయంగా మారిన ఊళ్లున్న ఉమ్మడి ప్రకాశం జిల్లా గిద్దలూరు మెట్ట ప్రాంతం నుంచైనా, 2021 జూలైలో జమ్మూలోని సుందర్‌బనీ ఎదురుకాల్పుల్లో ఒక యువ జవానును పోగొట్టుకున్న బాపట్ల ప్రాంతం నుంచైనా, వృద్ధులైన తల్లిదండ్రులకు ఆ ప్రయాణం తేలిక కాదు. సైన్యం వీరనారి అని గౌరవించే సైనికుని భార్యకు అంత్యక్రియల తరువాత మొదలయ్యే పని కాగితాలతో నిండి ఉంటుంది. శత్రువుతో పోరులో మరణించినవారి కుటుంబానికి చివరి జీతంతో సమానంగా వచ్చే ఉదారీకృత కుటుంబ పింఛను, మాజీ సైనికులకూ వారిపై ఆధారపడినవారికీ 2003 నుంచి అమలులో ఉన్న వైద్య పథకం, పిల్లల చదువుకు సహాయం వంటివి ఒక్కొక్కటీ ఒక్కొక్క దరఖాస్తుతో ముడిపడినవి. వీటిలో దారి చూపవలసినవి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు. కలెక్టరు కార్యాలయం తెలిసినంతగా ఈ కార్యాలయం పల్లెల్లో తెలియకపోవడం విచారకరం. గ్రామ సచివాలయాల గోడ మీద దాని చిరునామా, ఆ ఊరి నుంచి సైన్యంలో పనిచేసినవారి, ప్రాణమిచ్చినవారి పేర్లు కలిపి రాసి ఉంచడం ఏ పంచాయతీకీ భారం కాని పని.

మాజీ సైనికులు, అమరుల కుటుంబాల సంక్షేమానికి విరాళాలు సేకరించే సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి డిసెంబరు 7న జరుగుతోంది. కారంపూడిలో కల్లిపాడు ముగిసిన తరువాత, చాలా సంవత్సరాలలో కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల వ్యవధిలోనే ఆ తేదీ వస్తుంది. ఆ రోజు బడి పిల్లల చేతికి చిన్న జెండాలిచ్చి వసూలు చేసే విరాళాలు కూడా సైనిక సంక్షేమ శాఖ ద్వారానే ఈ కుటుంబాలకు చేరుతాయి.