యానాం దాకా వెళ్తే మిగిలేదెంత?

అమలాపురంలో కాకినాడ ప్రయాణం అనుకోగానే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, "ఇక్కడెందుకు, పెట్రోలు యానాంలో కొట్టిద్దాం" అని. ఎదుర్లంక వంతెన దాటితే పుదుచ్చేరి పాలన. లీటరు పెట్రోలు పది రూపాయలకు పైగా చవక. కంపెనీలు అవే, సరుకూ అదే. తేడా అంతా పన్నుది. పెట్రోలు, డీజిలు జీఎస్టీలోకి రాలేదు కనుక ఎవరి పన్ను వారిదే. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు. యానాంలో ఇంత భారం లేదు.

మరి పనిగట్టుకుని వెళ్లొచ్చా? అమలాపురం నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారైతే రానూపోనూ 4 లీటర్లు, అంటే దాదాపు 400 రూపాయలు. లీటరుకు 12 రూపాయల తేడాతో 35 లీటర్లు పోయించినా మిగిలేది 420. ఆ ఇరవై రూపాయల కోసం ఒక పూట పోతుంది. రాజోలు నుంచి దూరం దాదాపు రెట్టింపు కాబట్టి చేతి డబ్బే వదులుతుంది. కొత్తపేట వారు రాజమండ్రి వైపు వెళ్లేటప్పుడు యానాం దారిలోనే లేదు. కాకినాడ పనిమీద ఎలాగూ యానాం మీదుగా వెళ్లేవారు మాత్రం తప్పకుండా ట్యాంకు నింపుకోవాలి. క్యాన్లలో పట్టి తెచ్చుకోవడం మాత్రం వద్దు, అది ప్రాణాలతో చెలగాటం.

ఇక్కడొక బాధ చెప్పుకోవాలి. రాజోలు పక్కనే తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001 నుంచి ఉంది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. చమురు, గ్యాసు తవ్వకాల ముప్పు మోస్తున్న ఈ నేలకు పన్నులో కాస్త ఊరట అడగడం న్యాయమే.

అది వచ్చేలోగా మన చేతిలో ఉన్నది కిలోమీటరు ఖర్చు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దాని శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. పైగా అది నీటిని లాక్కుంటుంది. గోదావరి వరదకు మునిగిన బంకులో, నీరు తీసిన కొత్తలో పోయించుకోకపోవడమే క్షేమం. టైర్లలో గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నిబంధన, మొహమాటపడకండి.

మీటరు సున్నా చూసి ఊరుకోకండి. కొలత మీద అనుమానం వస్తే ముద్ర వేసిన ఐదు లీటర్ల క్యాను అడగండి. అందులో 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. క్యాను ఇవ్వకపోయినా, కొలత తగ్గినా తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి.