కారు కీచుమంటే

పిల్లలూ! మీ కారు చక్రం దగ్గర ఎప్పుడైనా "కీచ్" మన్న చప్పుడు విన్నారా? వెంటనే అమ్మతో గాని నాన్నతో గాని చెప్పండి. దుమ్మువల్ల కూడా కావచ్చు. కాని బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉండవచ్చు.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారుబండిలో ఇద్దరు కొడుకులతో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. పల్లాలు దిగేసరికి బ్రేకుల చెక్కదిమ్మలు కాస్తా అరిగిపోయాయి. ఆవిడ దారిలో ఒక చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది! మన ప్యాడ్లకు ఆ తోలుముక్కే ముత్తవ్వ అనుకోవచ్చు.

ప్యాడ్ ఉన్నదే అరగడానికి. పెడల్ నొక్కగానే రెండు ప్యాడ్లు, చక్రంతోపాటు తిరిగే ఇనుపపళ్లాన్ని చెరొక పక్కనా అదిమిపడతాయి. ఆ రాపిడికి బండి వేగం వేడిగా మారిపోతుంది. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 మిల్లీమీటర్లు. అది 3కు దిగితే మార్చవలసిందే. చాలా కార్లలో ఆపాటికి ఒక చిన్న ఉక్కురేకు పళ్లానికి తగిలి కీచుమంటుంది.

ఒక చక్రానికి మారిస్తే, అదే ఇరుసు మీది రెండో చక్రానికీ మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త ప్యాడ్లు పట్టడానికి లోపలి పిస్టన్‌ను వెనక్కు నెడతారు గదా! అందుకని బండి కదలకముందే, గట్టిపడేదాకా పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కాలి. ఇది మరిచి వీధిలోకి వెళ్ళారో, మొదటిసారి నొక్కినప్పుడు పెడల్ అడుగుకంటా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు!