బెల్లం డ్రమ్ము దగ్గర మా చిన్నాయన

పైన వీడియోలో జీవామృతం డ్రమ్ములో కర్ర తిప్పుతున్న పెద్దాయన ఎవరని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆయన మా చిన్నాయన, నాన్నకి తమ్ముడు. వీడియో 2019లో తీసింది. మొహం కనపడకుండా వెనక నుంచి తియ్యమని ఆయనే చెప్పాడు. 2022లో పోయాడు. ఈసారి సాగు ముచ్చట తక్కువ, ఆయన ముచ్చట ఎక్కువ. పిన్నమ్మని అడిగే రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు మెట్ట ఊరు. దూబగుంట మాకు దగ్గరే. 1992లో రోశమ్మ ముందుండి అక్కడి ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన సంగతి మీకు తెలిసిందే. అక్షరదీపం రాత్రిబడుల్లో కూర్చున్న ఆడవాళ్ళ మధ్య ఆ కబురు ఊరూరా పాకింది. మా పిన్నమ్మ సంతకం నేర్చుకున్నది ఆ బడిలోనే. చీపురుకట్ట పట్టుకుని మా ఊరి సారా అంగడి ముందు కూర్చున్నవాళ్ళలో ఆమె ఉంది. ప్యాకెట్ కోసం వచ్చి వెనక్కి తిరిగినవాళ్ళలో చిన్నాయన ఉన్నాడు.

1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధం. 1997లో ఎత్తేశారు. ఇన్ని మార్పులు జరిగినా ఆయన తాగుతూనే ఉన్నాడు. ప్యాకెట్ పోతే నాటుసారా, 97 తర్వాత బ్రాందీ. ఆ ఉద్యమం వల్ల బాగుపడిన ఇళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నాయి, దాన్ని తక్కువ చెయ్యను. మా ఇంట్లో మాత్రం ఎకరా అరవై సెంట్లు తాకట్టులోకి పోయింది, పిన్నమ్మ కమ్మలు పోయినాయి.

మానాలని ఆయన అనుకోలేదని చెప్తే అబద్ధం. ఇంట్లోనే మూడుసార్లు ఒక్కసారిగా ఆపేశాడు. ప్రతిసారీ రెండో రోజుకి చేతులు వణికేవి, ఒళ్ళంతా చెమటలు. మూడో రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని అరిచేవాడు. ఊళ్ళో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. చివరికి ఎవరో ఒకరు "ఒక్క చుక్క పొయ్యండబ్బా, మనిషి దక్కుతాడు" అనేవాళ్ళు. పోస్తే వణుకు ఆగేది. దాంతో మళ్ళీ మొదలు.

2011లో నాలుగోసారి ఫిట్స్ వస్తే నెల్లూరు తీసుకుపోయాం. అక్కడ మానసిక వైద్యుడు చెప్పినాకే మాకు అర్థమైంది. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే మెదడు అదుపు తప్పుతుందంట, ఫిట్స్ వచ్చి ప్రాణం కూడా పోవచ్చంట. అందుకని మాత్రలు ఇచ్చి, రోజురోజుకీ మోతాదు తగ్గించుకుంటూ వచ్చారు. గ్లూకోజు ఎక్కించేముందే విటమిన్ బి1 ఇంజెక్షన్ చేశారు. పది రోజులకి మనిషిగా ఇంటికొచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు. ఈసారి నాలుగో రోజున తనే నాన్న దగ్గరికొచ్చి, "అన్నా, నెల్లూరు పోదాం పద" అన్నాడు. ఆ తర్వాత తాగలేదు.

ఇక డ్రమ్ము సంగతి. నేను వ్యవసాయ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు పురుగుమందుల అంగడిలో పనిచేసి, 2016లో ప్రకృతి సేద్యంలోకి దిగాను. జీవామృతం లెక్క తెలుసు కదా. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల నాటావు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండు పూటలా కర్రతో తిప్పాలి. సాయంత్రం తిప్పుడు నాకియ్యమని చిన్నాయనే అడిగాడు. సాయంత్రం ఆరు, ఏడు ఆయనకి కష్టమైన వేళ. ఆ టైముకి చేతికి పని కావాలన్నాడు.

రెండో రోజు డ్రమ్ము మీద గోతం తియ్యగానే ఆగిపోయాడు. తుండుగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరంగా పోయి నిలబడ్డాడు. పేడ కంపుకి కాదు. నాటుసారా కాచేది కూడా నల్లబెల్లం ఊటతోనే. ఆయనకి ఆ పులుపు వాసన ఇరవై ఏళ్ళ పరిచయం. బెల్లం బదులు పండిన బొప్పాయి వేద్దాం చిన్నాయనా అన్నాను. "వద్దు నాయనా, రేపు మీ పిన్నమ్మని తోడు రమ్మంటా" అన్నాడు. నెలరోజులు పిన్నమ్మ పక్కన నిలబడి ఊరి కబుర్లు చెప్పేది, ఆయన తిప్పేవాడు. ఇంటికి పోయేటప్పుడు ఇద్దరూ టీ తాగేవాళ్ళు. అంతకుమించి చిట్కా ఏమీ లేదు.

ఒకసారి పది కిలోల నల్లబెల్లం కోసం టౌనుకి పోతే కొట్టాయన నవ్వి, "ఏమయ్యో, మళ్ళీ మొదలుపెట్టినావా?" అని ఇవ్వలేదంట. ఉత్త చేతుల్తో వచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు జీవామృతం ఒక సీసాలో పట్టుకుపోయి కొట్టు బల్ల మీద పెట్టి, "మూత తీసి వాసన చూడబ్బా" అన్నాడంట. కొట్టాయన చూశాడు. బెల్లం తూచి ఇచ్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం చిన్నాయన పగలబడి నవ్వేవాడు.

లివర్ మాత్రం అప్పటికే బాగా దెబ్బతింది. తాగుడు ఆపడంతో ఇంకా చెడకుండా చాలాకాలం నిలిచింది, పూర్తిగా కోలుకోలేదు. మా గానుగలో నూనె పనికి నేనిచ్చిన జీతం, శెనక్కాయల డబ్బు కూడబెట్టి 2018లో తాకట్టు విడిపించాడు. పాసుపుస్తకం పిన్నమ్మ పేరున రాయించాడు. "నా పేరున ఉంటే నాకే భయం" అన్నాడు.

మీ ఇంట్లో ఇట్టాంటి మనిషి ఉంటే, రోజూ తాగేవాళ్ళని బలవంతంగా ఇంట్లో కట్టేసి మాన్పించకండి. డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. మత్తు మానాలనుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416.

ఇప్పుడు సాయంత్రం తిప్పుడు పిన్నమ్మదే. ఆ ఎకరా అరవైలో ఈసారి కంది వేసింది, చుట్టూ సజ్జ. పూత దశలో ఉంది. వచ్చే వీడియోలో ఆమే మాట్లాడుతుంది, మొహం చూపించే తియ్యమంది.