మీ ఇంటి మంట ఏ రంగు?

పొద్దున్నే టప్ టప్‌మని రొట్టె కొడుతున్న చప్పుడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... పాలమూరు నేల మీద ఎటు వెళ్లినా జొన్నరొట్టె జొన్నరొట్టే. మారిందల్లా పొయ్యి. 1999లో దీపం పథకం వచ్చాక డ్వాక్రా మహిళల ఇళ్లలోకి గ్యాస్ బండ అడుగుపెట్టింది. మెల్లగా మిగతా ఇళ్లూ కట్టెల పొగ నుంచి బయటపడ్డాయి. పొయ్యి మారినంత తేలిగ్గా అలవాట్లు మారవు కదా! చిక్కంతా అక్కడే.

రొట్టె కొట్టేటప్పుడు రాలే పొడిపిండి ఎక్కడికి పోతుంది? సగం బండ మీదికి, సగం బర్నర్‌లోకి. పల్లీలు వేయించి, పొయ్యి పక్కనే నిలబడి పొట్టు ఊదేస్తాం. అదీ అక్కడికే చేరుతుంది. పైనుంచి పప్పు పొంగితే ఇక చెప్పేదేముంది... పిండీ పొట్టూ ముద్దై, మాడి, రంధ్రాలను మూసేస్తాయి.

మూసుకుపోతే ఏమవుతుంది? బర్నర్ గొట్టం మొదట్లో సన్నని జెట్ ఉంటుంది. దాంట్లోంచి చిమ్మే గ్యాస్ చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కెళుతుంది. రెండూ కలిసి రంధ్రాల దగ్గర మండుతాయి. గాలి సరిపడా అందితే మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. అందకపోతే పసుపురంగులోకి తిరిగి, గిన్నెలకు మసి పడుతుంది. మసి అయితే తోముకోవచ్చు. దాంతోపాటే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. రంగుండదు, వాసనుండదు, మనిషి ప్రాణం తీయగలదు. చలికాలంలో తలుపులన్నీ బిగించుకుని వండేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పొంగిన ఉప్పునీళ్లు పడి మంట ఓ క్షణం పచ్చబడితే మాత్రం కంగారు అక్కర్లేదు.

మా ఇంట్లో ఓసారి నెలరోజులపాటు పసుపు మంటే వచ్చింది. 'ఈ బండలో గ్యాసే బాగాలేదు' అని తీర్మానించేశాం. మెకానిక్ వచ్చి స్టవ్వు తిరగేస్తే, గాలి వెళ్లే దారిలో సాలెగూడు! పాపం, గ్యాస్‌ను అనవసరంగా తిట్టుకున్నాం.

బర్నర్ శుభ్రం చేయడానికి మెకానిక్ అక్కర్లేదు. ముందు రెగ్యులేటర్ కట్టేయండి. బర్నర్లు పూర్తిగా చల్లారాక తీసి, సర్ఫు కలిపిన వేడినీళ్లలో ఓ అరగంట నానబెట్టండి. పాత బ్రష్షుతో రుద్ది, రంధ్రాల్లో మాడిన పిండిని పిన్నుతో నెమ్మదిగా తీయండి. బలంగా పొడిస్తే రంధ్రం పెద్దదై మంట తీరే మారిపోతుంది. బాగా ఆరాకే, దేని చోట దాన్ని సరిగ్గా కూర్చోబెట్టాలి. జెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అది తెలిసినవాళ్ల పని.

కట్టెల పొయ్యి మీద మంట గిన్నెను చుట్టుకుని లేస్తేనే వంటయినట్టు. ఆ లెక్క గ్యాస్‌కు పనికిరాదు. గిన్నె అంచు దాటిన మంట వంటగదిని వేడి చేస్తుందే తప్ప కూరను కాదు. ఎసరు మరిగాక మూతపెట్టి సిమ్‌లో ఉంచినా అన్నం ఉడుకుతుంది. చిన్న గిన్నెకు చిన్న బర్నర్ చాలు. పప్పు ముందే నానబెట్టుకుంటే ఇంకా ఆదా. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయలకు సిలిండర్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, అంతకుముందు మూడేళ్లలో ఆ ఇంట్లో సగటున ఎన్ని వాడారో అన్నింటికే రాయితీ అన్నారు. అంటే దుబారా చేసిన గ్యాస్‌కు పూర్తి ధర మన చేతి నుంచే!

డబ్బు సంగతి సరే, అసలు భయం వేరే ఉంది. ఊళ్లలో చాలామంది చాయ్‌కీ కూరకీ గ్యాస్ వాడుతూ, నీళ్లు కాగడానికి పక్కనే పత్తికట్టె పొయ్యి వెలిగిస్తారు. వంటగ్యాస్ గాలికన్నా బరువైంది. లీకైతే పైకి పోదు, నేలమీద పాకుతుంది. నేలమీదే కట్టెలపొయ్యి నిప్పులుంటాయి! గద్వాల చేనేత ఇళ్లవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. గుంటమగ్గం ఉన్న గదిలోకి గ్యాస్ పాకితే నేరుగా ఆ గుంటలోకే దిగి నిలిచిపోతుంది. వంటగదికీ మగ్గానికీ మధ్య గోడ, నిప్పుల పొయ్యికి ఆరుబయట చోటు తప్పనిసరి. స్టవ్వును నేలమీద కాకుండా సిలిండర్‌కన్నా ఎత్తులో, గట్టు మీద పెట్టుకోవాలి. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. రబ్బరు ట్యూబు పగుళ్లు చూస్తుండాలి. సురక్షా ట్యూబైనా అయిదేళ్లకు మార్చాల్సిందే.

గ్యాస్‌కు సహజంగా వాసన లేదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ కంపు రాగానే లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు. స్విచ్చిలోని చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లల్నీ పెద్దల్నీ బయటికి పంపి, 1906కి ఫోన్ చేయాలి. ఆ నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. ఫోన్ కూడా ఇంట్లోంచి కాదు, వాకిలి దాటాకే. ఎక్కడ లీకవుతోందో చూడాలంటే సబ్బునురగ రాసి బుడగలొస్తాయేమో గమనించాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు!

ఈసారి బండ ఇంటికొచ్చినప్పుడు పైన పట్టీ మీద అక్షరం, అంకె చూడండి. బి-27 అని ఉంటే 2027 జూన్‌లోగా ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలని. ఎ అంటే మార్చి, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. గడువు దాటి ఉంటే తెచ్చిన అబ్బాయి గడప దాటకముందే వెనక్కి ఇచ్చేయండి. సీలు విప్పించి, లోపల వాషర్ ఉందో లేదో కూడా అతను ఉండగానే చూసుకోవాలి.